తొడిగిన చేయి, తొడుక్కున్న భుజం

1318లో కాకతీయ ప్రతాపరుద్రుడు ఓరుగల్లు రాతికోట గోడ ఎక్కాడు. ఢిల్లీ ఉన్న దిక్కుకు తిరిగి, వంగి నేలకు మొక్కాడు. కోట బయట ఢిల్లీ సేనాని ఖుస్రో ఖాన్ దండు దిగి ఉంది. కప్పం కింద ఏనుగులు, గుర్రాలు ఇవ్వడానికి అప్పటికే ఒప్పందం కుదిరింది. ఆ సంగతులన్నీ ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో పారసీలో రాసిపెట్టాడు. మొక్కడం అయ్యాక సుల్తాన్ కుతుబుద్దీన్ ముబారక్ షా పేరిట ప్రతాపరుద్రుడికి మూడు వస్తువులు అందాయి. ఒక దండం, ఒక గొడుగు, రత్నాలు కుట్టిన ఒక కబా.

ఓడినవాడికి కొత్తబట్టలు పెట్టడమేమిటని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. దండమూ గొడుగూ ఓరుగల్లుకు కొత్తవి కావు, ఎప్పటినుంచో ఉన్న రాజచిహ్నాలే. కబా సంగతి వేరు. ముందువైపు తెరుచుకునే, పొడుగు చేతుల కుట్టుడు అంగీ అది. బాగ్దాదు నుంచి ఢిల్లీ దాకా దర్బారుల్లో చెలామణీ అయ్యే దుస్తు. దాన్ని అందుకున్నవాడు తన గద్దె మీదే ఉంటాడు, తన రాజ్యమే ఏలుకుంటాడు. అయితే ఆ ఏలుబడి ఇక పైనుంచి దిగివచ్చింది. ఖుస్రో ఖాన్ దండు ఓరుగల్లులో వదిలివెళ్లిన సందేశం ఆ అంగీలోనే ఉంది.

ఈ మర్యాదకు ఖిలాతు అని పేరు. అబ్బాసీ ఖలీఫాల కాలానికే ఇది బాగా పాతుకుపోయింది. పాలకుడు తన ఒంటిమీది వస్త్రాన్ని తీసి మరొకరికి తొడిగిస్తే, తన శరీరంలో ఉన్న అధికారంలో కొంత పాలు అతనికి పంచినట్టు లెక్క. 999లో గజనీ మహమూదుకు ఖలీఫా అల్ ఖాదిర్ బిరుదులతో పాటు వస్త్రాలు పంపాడు. 1229లో ఢిల్లీ సుల్తాన్ ఇల్తుత్‌మిష్‌కు బాగ్దాదు నుంచి ఖిలాతు వచ్చింది. బానిసగా బతుకు మొదలుపెట్టి గద్దెనెక్కినవాడికి అంతకుమించిన పట్టా ఇంకేముంటుంది? అది పంపిన ఖలీఫా సైన్యం ఒక్క అడుగు కూడా హిందూస్థానంలో వేయలేదు, అతని బట్ట మాత్రం వచ్చింది. అదే చాలింది.

గుడిలో శేషవస్త్రం తెలిసిన తెలుగువాళ్లకు ఇందులో అర్థంకానిదేమీ లేదు. స్వామికి కట్టి తీసిన పట్టుబట్టను భుజాన వేస్తే, తలకు పరివట్టం చుడితే, ఆ గుడ్డ ఖరీదెంతని ఎవరూ అడగరు. ఎవరి ఒంటిమీద ఉండి వచ్చిందన్నదే ముఖ్యం.

ఢిల్లీ సుల్తాన్లు మాత్రం పుచ్చుకోవడంతో ఊరుకోలేదు, పంచడం కూడా పెద్దయెత్తున చేశారు. మహమ్మద్ బిన్ తుగ్లక్ ఏడాదికి రెండు లక్షల దుస్తులు పంచేవాడని అరబ్బు రచయిత అల్ ఉమరీ రాశాడు. ఉమరీ హిందూస్థానానికి రాలేదు, వచ్చి వెళ్లినవాళ్లు చెప్పగా విని రాశాడు. అంకెలో అతిశయం ఉండే ఉంటుంది. సగానికి సగం కొట్టేసినా, ఒక ప్రభుత్వం బట్టల మీద ఎంత నడిచిందో తెలుస్తుంది. ఇంత పంచిన తుగ్లక్కే 1340లలో కైరోలో ఉన్న ఖలీఫా నుంచి తనకో ఖిలాతు తెప్పించుకున్నాడు. నాణేల మీద తన పేరు తీసేసి ఖలీఫా పేరు వేయించాడు. ఎంత పెద్ద సుల్తానుకైనా తనకు తొడిగించే చేయి ఒకటి కావలసివచ్చింది.

ప్రతాపరుద్రుడికి అందిన ఆ కబా దక్షిణాన ఇంకా చాలా దూరం నడిచింది. ఓరుగల్లు పడిపోయి, విజయనగరం లేచాక, అదే అంగీ అక్కడ 'కబాయి' అయింది. పారసీ 'కులాహ్' అనే పొడుగు టోపీ 'కుళ్ళాయి' అయింది. ఈసారి ఎవరూ బలవంతాన తొడిగించలేదు. విజయనగర రాజులే కావాలని తొడుక్కున్నారు. 14వ శతాబ్దం మధ్య నుంచి వాళ్లు 'హిందూరాయ సురత్రాణ' అనే బిరుదు వాడుకున్నారు. హిందూ రాజుల్లో సుల్తాన్ అన్నమాట. అమెరికన్ చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో ఈ బిరుదునూ ఈ దుస్తులనూ కలిపి చూసి ఒక వ్యాసం రాశాడు. ఈ అలవాటును ఆయన లొంగుబాటుగా చూడలేదు. హోర్ముజు, సమర్కందు, బీదరుల నుంచి వచ్చే రాయబారులకు ఇక్కడున్నది తమ ఎత్తు దర్బారేనని ఒక్క చూపులో తెలియాలని రాయలు ఆ వేషం ఎంచుకున్నారని ఆయన వాదన. ఆ వాదనను ఒప్పుకోవడానికి సాక్ష్యాలు గట్టిగానే ఉన్నాయి.

1443లో హెరాతు నుంచి షారుఖ్ రాయబారిగా అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చాడు. రెండో దేవరాయలు కొలువులో కూర్చుని ఉండగా చూశాడు. మెడలో ముత్యాల పట్టెడ, ఒంటిమీద జైతూనీ సాటిన్ కబా అని రాసుకున్నాడు. జైతూన్ అంటే చైనాలోని చ్వాన్‌జౌ రేవుకు అరబ్బులు పెట్టిన పేరు. చైనా గుడ్డ, అరబ్బు కత్తిరింపు, తుంగభద్ర ఒడ్డున కొలువు. ఆ రాయబారికి అందులో వింతేమీ కనిపించలేదు. రాజు అనుకున్న ప్రభావం అతని మీద పడిందనడానికి అదే గుర్తు.

దేవరాయల కొలువుకే శ్రీనాథుడు వెళ్లాడు. గౌడ డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్నది అక్కడే. ఆయన పేరిట జనంలో తిరిగే ఒక చాటువులో, ఆ దర్బారు దర్శనం కోసం కుళ్ళాయి పెట్టుకుని, పెద్ద అంగీ తొడుక్కుని, అలవాటులేని తిండి తిన్నానని కవి వాపోతాడు. అది ఆయన చెప్పిందే అవునో కాదో పండితులు తేల్చుకోవలసిన విషయం. మామూలు ఉత్తరీయంతో ఆ కొలువులోకి పోవడం కుదరదన్న మాట మాత్రం తెలుగునాట అందరికీ తెలుసునని ఆ పద్యం వల్ల తేలుతుంది. దర్బారు దుస్తులు ఇష్టంలేకుండా తొడుక్కున్నవాళ్ల వరుస పెద్దదే. దాని మొదట్లో మన కవిసార్వభౌముడే ఉన్నాడు.

ఈ వేషం కళ్లారా చూడాలంటే లేపాక్షి వెళ్లాలి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం కప్పు మీది బొమ్మల్లో పెద్దమనుషులు బారులు తీరి నిలబడి ఉంటారు. తెల్లని పొడుగు అంగీలు, తలమీద నిటారుగా లేచిన కుళ్ళాయిలు. తర్వాత తిరుమలకు వెళ్లాలి. గుడి లోపల కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడిన లోహవిగ్రహాలున్నాయి. రాయల తలమీద కుళ్ళాయి ఉంది. ఒంటిమీద కబాయి లేదు, రొమ్ము బట్టబయలు. మనుషుల ముందు ఒళ్లంతా కప్పుకోవడం మర్యాద, దేవుడి ముందు పైబట్ట తీయడం మర్యాద. రెండు మర్యాదలనూ ఒకే రాజు ఒకే జీవితంలో పాటించాడు. ఎక్కడ ఏది తొడగాలో, ఎక్కడ ఏది తీయాలో తెలిసినవాడే దొర.

కృష్ణదేవరాయలను 1520 ప్రాంతంలో చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ కూడా బట్టల మీద బాగానే కన్నువేశాడు. బంగారు గులాబీలు కుట్టిన తెల్లని దుస్తులు, మెడలో వజ్రాల హారం, తలమీద జరీ టోపీ, కాళ్లకు మాత్రం చెప్పులు లేవు. క్రిస్తోవావ్ ద ఫిగెరేదు అనే పోర్చుగీసు పెద్దమనిషికి రాయలు జరీ కబాయినీ, తాను పెట్టుకునేలాంటి టోపీనీ ఇప్పించాడు. వెంట వచ్చినవాళ్లకు బొమ్మలు కుట్టిన గుడ్డలు దక్కాయి. ఇది ఇక్కడి ఆనవాయితీ అనీ, స్నేహానికి గుర్తుగా ఇస్తారనీ పేస్ రాశాడు.

ఆ తర్వాత అచ్యుతరాయల కాలంలో వచ్చిన నూనిజ్ మరో సంగతి చేర్చాడు. రాజు ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడు. విప్పిన వెంటనే వాటిని చూసే అధికారులకు అప్పగిస్తారు. వాళ్లు లెక్క రాసుకుంటారు. ఆ బట్టలు ఎవరికీ ఇవ్వరు. అంటే విజయనగరం దర్బారు దుస్తు అరువు తెచ్చుకుంది గాని, ఒంటిమీది బట్ట పంచే పద్ధతిని తెచ్చుకోలేదు. కొత్త కబాయి కుట్టించి ఇస్తారు, రాయల మేనికి తగిలినది మాత్రం కొట్టుగదిలోనే ఉండిపోతుంది. దేవుడి శేషవస్త్రం భక్తుడికి దక్కే నేలమీద రాజు విప్పిన బట్ట ఎవరికీ దక్కకపోవడం ఆలోచించదగ్గ విషయం.

మొగలులు ఆ దాపరికం పెట్టుకోలేదు. అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో బట్టల కొట్టు లెక్కలు ఇచ్చాడు. అక్బరు కోసం వేయి జతలు కుట్టేవారు. వాటిలో నూట ఇరవై, పన్నెండు మూటలుగా కట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉంచేవారు. ఖిలాతులకు మెట్లు ఉండేవి. తలపాగా, జామా, నడికట్టు కలిసి మూడు వస్తువులది కింది మెట్టు. దానికి సర్‌పేచ్ అనే తలపాగా నగ, తలపాగా మీద కట్టే పట్టీ చేరిస్తే అయిదు వస్తువులది. అక్కడినుంచి ఇంకా పైకి. అన్నిటికన్నా పై మెట్టు 'మల్బూస్-ఎ-ఖాస్', పాదుషా స్వయంగా ఒకసారి తొడిగి విప్పినది. ఒక మన్సబుదారు పేరు పక్కన ఏ మెట్టు ఖిలాతు రాశారో చూస్తే దర్బారులో అతని చోటు ఎక్కడో తెలిసిపోయేది.

ఈ లెక్క తెలియనివాడికి అదంతా ఎలా కనిపిస్తుందో సర్ థామస్ రో వల్ల తెలుస్తుంది. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ రాయబారిగా అతను జహంగీరు దర్బారుకు వచ్చాడు. 1616లో యువరాజు ఖుర్రం, అంటే తర్వాతి షాజహాన్, తాను ఒకటి రెండుసార్లు వాడిన బంగారు జరీ అంగీని రో వీపున వేయించాడు. దర్బారులో ఉన్న వాళ్లంతా ఎంత అదృష్టమనుకున్నారో! రో మాత్రం ఇష్టంలేకుండానే సలాము చేశాడు. లండన్ నాటకశాలలో తైమూరు వేషం కట్టే నటుడికి ఇది బాగుంటుందని దినచర్యలో ఎగతాళి చేశాడు. యువరాజు కట్టి విడిచిన బట్ట ఇవ్వడం ఇక్కడ అన్నిటికన్నా పెద్ద గౌరవమని అతనికి తెలియదా అంటే తెలుసు, ఆ మాటా అక్కడే రాశాడు. తెలిసినా ఒంటికి పట్టలేదు. వాడిన బట్ట ఇచ్చారన్న భావమే అతని మనసులో మిగిలింది.

రో లాగా అర్థంకాక ఇబ్బందిపడినవాళ్లు ఒక రకం. బాగా అర్థమై వద్దన్నవాడు శివాజీ. 1666 మే 12న ఆగ్రాలో ఔరంగజేబు దర్బారు. శివాజీ నజరానా సమర్పించాడు. వెనక వరుసలో నిలబెట్టారు. యువరాజులకు, వజీరు జాఫర్ ఖానుకు, జస్వంత్ సింగుకు ఖిలాతులు అందాయి. తనకు లేదు. శివాజీ అక్కడే మండిపడ్డాడు. పాదుషాకు వీపు తిప్పి పక్కకు వెళ్లి కూర్చున్నాడు. సముదాయించడానికి ఖిలాతు పంపిస్తే తొడగనన్నాడు. ఎంతమంది నచ్చజెప్పినా వినలేదు. మొదట ఇవ్వకపోవడం అవమానం, తర్వాత ఇచ్చింది తొడిగితే ఆ అవమానాన్ని ఒప్పుకున్నట్టు. ఆగ్రాలో ఆ పూట జరిగిన రాజకీయమంతా ఒక అంగీ చుట్టూ తిరిగింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1674లో, రాయగఢ్‌లో ఆయన తన పట్టాభిషేకం తానే జరిపించుకున్నాడు. ఆ వేడుకలో తొడిగించే పాదుషా ఎవరూ లేడు.

ఇంతలో కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు వర్తకులు ఈ మర్యాదను నేర్చుకుంటున్నారు. గోల్కొండ అధికారుల నుంచి వచ్చే వస్త్రాలను చెన్నపట్నం కోట రికార్డుల్లో 'తషరీఫు' అని రాసేవారు. కోట దొరలు కూడా తమ సరుకు సరఫరా చేసే పెద్ద వర్తకులకు తషరీఫు చేసేవారు. కాసా వీరన్న, బేరి తిమ్మన్న లాంటి తెలుగు సెట్టిలు అలా కుంపిణీ చేతి బట్ట అందుకున్నవాళ్లే. 1688లో మద్రాసు కార్పొరేషను, దానితోపాటు మేయరు కోర్టు పుట్టాయి. అప్పుడు గవర్నరు ఎలిహు యేల్. మేయరు, ఆల్డర్మన్లు వేడుకల్లో లండన్ పద్ధతిలో ఎర్ర గౌన్లు తొడగాలన్నారు. ఆ పన్నెండుమంది ఆల్డర్మన్లలో తిమ్మన్న తమ్ముడు చిన్న వెంకటాద్రి ఒకడు. తషరీఫు పుచ్చుకునే ఇంట్లోకి న్యాయాధికారి గౌను కూడా అలా వచ్చింది. ఇది గోల్కొండ మర్యాదో లండన్ మర్యాదో ఆ ఇంటివాళ్లకు పెద్ద తేడా కనిపించి ఉండదు.

నిజానికి ఆ తేడా పుట్టుకలోనూ అంత పెద్దదేం కాదు. మధ్యయుగపు ఇంగ్లండులో రాజు న్యాయమూర్తులకు గుడ్డ, బొచ్చు, పట్టు ఏటా తన బట్టల కొట్టు నుంచి ఇచ్చేవాడు. రాజు పెట్టిన బట్ట కట్టినవాడు రాజు మనిషి. అతను చెప్పే తీర్పు రాజు తీర్పు. అక్బరు కొట్టుకూ ఇంగ్లండు రాజు కొట్టుకూ పని ఒకటే. తర్వాత దారులు విడిపోయాయి. 1635లో వెస్ట్‌మినిస్టర్ న్యాయమూర్తులు ఏ కాలంలో ఏ రంగు, ఎప్పుడు బొచ్చు, ఎప్పుడు పట్టు, పర్వదినాలకు ఎర్ర గౌను అంటూ నిబంధనలు రాసుకున్నారు. అక్కడితో గౌను రాజు చేతిని విడిచి పుస్తకంలోకి ఎక్కింది. రాజు మారినా, రాజు తల తెగినా గౌను అదే. 1649లో మొదటి చార్లెస్‌ను విచారించి తల నరికే వేదిక దాకా పంపిన కోర్టు అధ్యక్షుడు జాన్ బ్రాడ్‌షా కూడా గౌను తొడిగే కూర్చున్నాడు.

న్యాయవాదుల నల్లరంగు కథ మరోటి. 1685లో రెండో చార్లెస్ చనిపోయినప్పుడు సంతాపానికి వేసుకున్నారని కొందరు, 1694లో రెండో మేరీ చనిపోయినప్పుడని కొందరు అంటారు. ఎవరి సంతాపమైనా, వేసుకున్నది తీయలేదు. బారిస్టరు గౌను ఎడమ భుజం వెనక వేలాడే గుడ్డముక్క ఆ సంతాప ముసుగు శేషమేనని చెబుతారు. ఇంగ్లండు రాజుగారి చావుకు మన తాడేపల్లిగూడెం వకీలుగారు ఇప్పటికీ నలుపు కడుతున్నారని ఎవరైనా చమత్కరిస్తే పూర్తిగా కొట్టిపారేయలేం.

కుంపిణీ దొరల చేతిలో ఖిలాతు మాత్రం వేరే జబ్బు పట్టింది. 1773 రెగ్యులేటింగ్ చట్టం ఉద్యోగులు కానుకలు తీసుకోవడాన్ని నిషేధించింది. రాజులతో వ్యవహరించాలంటే నజరానా, ఖిలాతు తప్పవు. దానికి దొరలు కనిపెట్టిన ఉపాయం తోషాఖానా లెక్క. వచ్చిన నజరానా ఖరీదు కట్టి ప్రభుత్వ కొట్టులో జమ చేసేవారు. అంతే ఖరీదు చేసే ఖిలాతు తిరిగి ఇచ్చేవారు. ఒక జమీందారు ఇచ్చిన శాలువా మరొకరి ఖిలాతులో చేరేది. అధికారం పంచుకునే మర్యాద ఇచ్చిపుచ్చుకునే పద్దుగా దిగజారింది. చరిత్రకారుడు బెర్నార్డ్ కోన్ ఈ మార్పును బాగా పట్టుకున్నాడు. ఆంగ్లేయులు వేడుకలోని ప్రతి అంశాన్నీ నిలబెట్టుకున్నారు, దాని ప్రాణాన్ని తప్ప.

1857 తర్వాత కుంపిణీ పోయి రాణి వచ్చింది. తన చేతిమీదుగా సంస్థానాధీశులను కట్టిపడేసే కొత్త వస్త్రం కావలసివచ్చింది. 1861లో 'స్టార్ ఆఫ్ ఇండియా' బిరుదు పుట్టింది. తొడగడానికి లేత నీలం సాటిన్ అంగవస్త్రం, మెడలో హారం, దానికి వేలాడే పతకంలో విక్టోరియా ముఖం. మొదటి జాబితాలో హైదరాబాదు నిజాం అఫ్జలుద్దౌలా పేరుంది. అఫ్జలుద్దౌలాకు ఇది మింగుడుపడలేదు. దివాను సాలార్‌జంగు రెసిడెంటు దగ్గరకు అభ్యంతరాలు తీసుకువెళ్లాడు. ఈ దేశంలో పెద్దవాళ్లు పూర్వీకుల దుస్తులు విడిచి పరాయి వేషం వేస్తే ప్రజలే నవ్వుతారు. పట్టు, మఖ్మలు మగవాళ్లు తొడగడం మతానికి విరుద్ధం. మనిషి బొమ్మ మెడలో వేసుకోవడం అంతకన్నా విరుద్ధం.

ఇన్ని అభ్యంతరాలు చెప్పవలసివచ్చిన ఆ దివాను తెలివిని మెచ్చుకోవాలి. పైకి మతం, అలవాటు, నవ్వులపాలు. అడుగున ఉన్న మాట వేరే. కాగితాల మీద అఫ్జలుద్దౌలా ఇప్పటికీ ఢిల్లీ పాదుషా సుబేదారు వంశం. ఢిల్లీ పాదుషాను ఆంగ్లేయులే మూడేళ్ల కిందట రంగూనుకు పంపేశారు. ఇప్పుడు రాణి బొమ్మ మెడలో వేసుకుంటే ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారో ఒప్పుకున్నట్టే. ఖిలాతు భాష తెలిసినవాళ్లు కాబట్టే వాళ్లకు ఆ నీలం అంగవస్త్రం అంత బరువనిపించింది.

దొరలు చేసిన మార్పుల్లో అన్నిటికన్నా చెప్పుకోవలసినది బిరుదు నిబంధనల్లో ఉంది. బిరుదు పొందినవాడు చనిపోతే చిహ్నాలు తిరిగి అప్పగించాలి, ఆ మేరకు ముందే సంతకం పెట్టాలి. ఖిలాతు అలా కాదు. ఒకసారి తొడిగిస్తే ఇంటికి చేరుతుంది. పెట్టెలో ఉంటుంది, మనవళ్లు తీసి చూపించుకుంటారు. కోన్ ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పాడు. పాదుషా బట్ట ఆ వంశాన్ని తనవాళ్లలో కలుపుకునేది. రాణి వస్త్రం ఒక ఆసామీకి ఉన్నంతకాలం వాడుకోమని ఇచ్చిన సర్కారు సామాను. సామ్రాజ్యం అధికారాన్ని ఎరువిచ్చింది గాని పంచలేదు.

1877 జనవరి 1న ఢిల్లీలో లార్డ్ లిట్టన్ జరిపిన సభలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించారు. అక్కడ ఖిలాతులూ లేవు, నజరానాలూ లేవు. వాటి బదులు ప్రతి రాజుకూ ఒక జెండా ఇచ్చారు. ఐరోపా పద్ధతిలో వంశచిహ్నాలు గీసిన పట్టు జెండాలు, బరువైన ఇత్తడి కర్రలు. ఆ బరువు మోయలేక మనుషులు తూలారు. హైదరాబాదు నుంచి వెళ్లిన నిజాం మహబూబ్ అలీ ఖానుకు అప్పటికి పదేళ్లు. తొడుక్కోవడానికి వీల్లేని దాన్ని రాజమర్యాదగా ఇవ్వడం లిట్టన్‌కే చెల్లింది.

హైదరాబాదులో మాత్రం పాత పద్ధతి 1948 దాకా బతికింది. నిజాం ముందుకు వెళ్లేవాడు షేర్వాణీ తొడిగి, తలకు దస్తారు పెట్టి, నడుముకు బగ్లూసు కట్టాలి. ఎంత పెద్ద నవాబైనా బగ్లూసు మరిచిపోతే గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఇక్కడ పాలకుడు తొడిగించడం లేదు. ఎవరి దుస్తులు వాళ్లే కుట్టించుకుని, అతని ముందుకు అతను కోరిన రూపంలో పోతున్నారు. శ్రీనాథుడి కుళ్ళాయి కథే మళ్లీ.

దర్బారులు ముగిశాక వాటి సామాను ఎక్కడికి పోయింది? కొంత మ్యూజియాలకు పోయింది. కొంత కోర్టులకు పోయింది. మద్రాసు హైకోర్టులాంటి పాత కోర్టుల్లో న్యాయమూర్తి నడవలో వస్తుంటే ముందు వెండిదండం పట్టుకుని చోప్‌దారు నడుస్తాడు. ఆ ఉద్యోగం, ఆ పేరు మొగలు దర్బారువి. వెనక వచ్చే గౌను వెస్ట్‌మినిస్టరుది. 1862లో హైకోర్టులు పుట్టినప్పటినుంచి ఈ రెండూ ఒకే నడవలో నడుస్తున్నాయి. మద్రాసు హైకోర్టులో మొదటి భారతీయ న్యాయమూర్తి తిరువారూరు ముత్తుస్వామి అయ్యరు బొమ్మల్లో తలపాగాతోనే కనిపిస్తాడు. గౌను ఒప్పుకున్నాడు, తల మాత్రం ఇవ్వలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక గౌను తీసేస్తారని అనుకున్నవాళ్లు ఉన్నారు. తీయలేదు. 1961 న్యాయవాదుల చట్టంలో, వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని న్యాయవాదుల దుస్తులు నిర్ణయించే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఇచ్చారు. ఆ వాతావరణం సంగతి చట్టంలో రాసి మరీ నల్లకోటు ఖాయం చేశారు. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో గౌను తప్పనిసరి, మిగతా కోర్టుల్లో ఇష్టం. వేసవిలో సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతాచోట్ల కోటు తొడగకపోయినా ఫరవాలేదు. విజయవాడ, రామగుండం ఎండల్లో ఆ మినహాయింపు ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. హైకోర్టుకు వచ్చేవాళ్లకు మాత్రం అదీ లేదు. గౌను పుట్టిన ఇంగ్లండులోనే 2008 అక్టోబరు నుంచి సివిల్ కేసుల్లో న్యాయమూర్తులు విగ్గులు మానేసి, సాదా గౌన్లకు మారారు. 2020 మేలో కరోనా భయానికి మన సుప్రీంకోర్టు, బార్ కౌన్సిల్ కోటూ గౌనూ రెండూ వద్దని, తెల్లచొక్కా, మెడలో తెల్లపట్టీ చాలునని ఆదేశాలిచ్చాయి. విచారణలు వీడియోలో జరిగాయి, తీర్పులు వచ్చాయి. ఆ తీర్పులకు విలువ తగ్గిందని ఎవరూ అనలేదు. 2022 జులైలో వేసవి నల్లకోటు మీద వేసిన పిటిషను మాత్రం సుప్రీంకోర్టు వినలేదు, బార్ కౌన్సిల్ దగ్గరకు వెళ్లమంది.

ఆ బార్ కౌన్సిల్ నిబంధనల్లో చాలామంది వకీళ్లు గమనించని ఒక వాక్యం ఉంది. పురుష న్యాయవాది నల్లకోటుకు బదులు చాప్‌కన్, అచ్‌కన్, నల్ల షేర్వాణీల్లో ఏదైనా తొడగవచ్చు. మూడూ దర్బారు దుస్తులే. ప్రతాపరుద్రుడికి ఖుస్రో ఖాన్ అందించిన కబాకు దూరపు చుట్టాలే. నల్లటి సూటుకోటు తప్ప మరో దారి లేదనుకునే వకీలుగారు ఈ వేసవిలో ఆ నిబంధన ఒకసారి తిరగేస్తే మంచిది. చెమట తగ్గుతుందని హామీ లేదు, కానీ తొడిగేది ఏదో తానే ఎంచుకోవచ్చు.